లాస్కీ కుర్చీ, బట్లర్ లెక్క

వాదించుకున్న ఇద్దరిలో ఒకరు మావయ్య. కృష్ణా జిల్లాలో డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యారు. గ్రూప్స్‌కు తయారయ్యే పిల్లల చేతుల్లో ఇప్పటికీ ఆయన గైడు కనిపిస్తుంది. రెండో మనిషి ఆయన మేనకోడలు. ఇంగ్లండులో ఎసెక్స్ యూనివర్సిటీలో ఎన్నికల సర్వేల మీద పీహెచ్‌డీ చేస్తూ సెలవులకు వచ్చింది. గొడవ మొదలుపెట్టింది ఎవరన్నది ఇద్దరూ ఒప్పుకోరు. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. ఎక్కడైనా పక్షపాతం కనిపిస్తే అది నాదే.

మావయ్య: బ్రిటన్‌లో మా సబ్జెక్టు నిలబడిందంటే లాస్కీ వల్ల. దీనికి కూడా సర్వే కావాలంటావా?

మేనకోడలు: సర్వే ఎందుకు మావయ్యా, వీలునామా చాలు. డెర్బీలో హెన్రీ హచిన్సన్ అని ఒక ప్లీడరు ఉండేవాడు. ఫేబియన్ సొసైటీ సభ్యుడు. 1894లో ఆత్మహత్య చేసుకున్నాడు. వీలునామా తీసి చూస్తే సొసైటీకి దాదాపు 20,000 పౌండ్లు! సోషలిజం ప్రచారానికీ సంఘం ఇతర పనులకూ పదేళ్లలో ఖర్చు పెట్టమన్నాడు. ఆ ఆగస్టులో సర్రేలో ఒక ఫామ్‌హౌస్‌లో పొద్దున్నే టిఫిన్ల దగ్గర నలుగురు కూర్చున్నారు. సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్, గ్రాహం వాలస్, బెర్నార్డ్ షా. ఆ డబ్బుతో కరపత్రాలు కాదు, ఒక స్కూలు పెడదామన్నాడు సిడ్నీ. మరుసటి ఏడాది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ అండ్ పొలిటికల్ సైన్స్ తలుపులు తెరిచింది. లాస్కీకి అప్పుడు రెండేళ్లు.

మావయ్య: సోషలిస్టు డబ్బుతో పెట్టిన బడి కాబట్టి సోషలిస్టు ప్రొఫెసర్ వచ్చాడు. సహజమే కదా.

మేనకోడలు: ఆ మాట షా వింటే సంతోషించేవాడు. అలా జరగలేదనే ఆయన వెబ్‌తో తగువు పడ్డాడు. సంఘం డబ్బు పెట్టి ఎవరి సిద్ధాంతమూ చెప్పని స్కూలు కట్టడమేమిటని. మొదటి డైరెక్టరు హ్యూయిన్స్ సోషలిస్టే కాదు. వెబ్ నమ్మకం ఏమిటంటే, నిజాలు సేకరించి ముందు పెడితే అవే సోషలిజం వైపు నడిపిస్తాయని. నడిపించాయా లేదా అన్నది వేరే విషయం. నిజాలు సేకరించాలన్న పట్టుదల మాత్రం అక్కడ పుట్టింది.

మావయ్య: పుట్టినచోటే ఆగిపోయి ఉండేది. సేకరించిన నిజాలు బీరువాల్లో పడుంటాయి అమ్మాయ్, వాటికి గొంతు కావాలి. 1914లో వాలస్ అక్కడ పొలిటికల్ సైన్స్‌కి మొదటి ప్రొఫెసర్. ఆయన తరవాత 1926లో లాస్కీ. 1950లో పోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఆ గదిలో ఎవరు కూర్చుని విన్నారో చూడు. కృష్ణ మీనన్ విన్నాడు. కె.ఆర్. నారాయణన్ విన్నాడు. నారాయణన్ చదువు ముగించి ఇంటికి బయల్దేరుతుంటే లాస్కీ నెహ్రూకి ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరంతో మొదలైన ఉద్యోగం రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లింది. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఇంటికి టీకి వెళ్లిన ఆసియా, ఆఫ్రికా కుర్రాళ్లు తర్వాత ఎన్ని దేశాల్లో మంత్రులయ్యారు! 'ఎ గ్రామర్ ఆఫ్ పాలిటిక్స్' 1925లో వచ్చింది. మా తరం దాన్నే అండర్‌లైన్ చేసుకుని బతికింది.

మేనకోడలు: అండర్‌లైన్ చేసుకున్నారు సరే, ఆయన చెప్పినవాటిలో ఏది నిజమో ఏది కాదో తేల్చుకునే దారి ఆ పుస్తకంలో ఉందా? 1945లో లాస్కీ లేబర్ పార్టీ ఛైర్మన్. ప్రొఫెసర్‌గా మాట్లాడుతున్నాడో పార్టీ మనిషిగా మాట్లాడుతున్నాడో తెలియక అట్లీకే విసుగొచ్చి, కొన్నాళ్లు మౌనంగా ఉంటే మంచిదని ఉత్తరం రాశాడు. హింసాత్మక విప్లవం కావాలన్నాడని ఒక పత్రిక రాస్తే పరువునష్టం దావా వేసి 1946లో ఓడిపోయాడు. ఆ తర్వాత మునుపటి మనిషి కాలేదు. నాకు జాలే. కానీ ఒక శాస్త్రం ఒక మనిషి గొంతు మీద ఆధారపడితే ఆ గొంతు బొంగురుపోగానే శాస్త్రమూ పోతుంది.

మావయ్య: పోలేదుగా. అదే కుర్చీలో 1951లో ఓక్‌షాట్ వచ్చి కూర్చున్నాడు. లాస్కీకి పూర్తిగా ఎదురు. రాజకీయానికి గమ్యం లేదు, రేవు లేదు, ఓడ మునగకుండా చూసుకోవడమే పని అని మొదటి ఉపన్యాసంలోనే చెప్పాడు. లాస్కీ శిష్యులు అదిరిపోయారు. నాకు ఆయనంటే పడదు. అయినా చూడు, ఒక సోషలిస్టు కుర్చీలో ఒక కన్సర్వేటివ్. విద్య అంటే అదీ.

మేనకోడలు: ఒక్క విషయంలో ఇద్దరూ ఒకటే. జీవితంలో ఒక్క ఓటు లెక్కపెట్టలేదు.

మావయ్య: ఓట్లు లెక్కపెట్టడానికి రిటర్నింగ్ ఆఫీసర్లు ఉన్నారు.

(ఇక్కడ మావయ్య నవ్వారు, అమ్మాయి నవ్వలేదు. బ్రిటిష్ ప్రొఫెసర్లు చాలాకాలం ఇదే జోకుతో నెట్టుకొచ్చారని తర్వాత నాతో అంది.)

మేనకోడలు: లండన్ వదిలేద్దాం. ఆక్స్‌ఫర్డ్‌కి రండి. 1912లో గ్లాడ్‌స్టన్ పేరిట ప్రొఫెసర్ పదవి పెట్టారు. మొదటి ప్రొఫెసర్ ఆడమ్స్ యుద్ధం మధ్యలో లాయిడ్ జార్జ్ ఆఫీసులో పనికి వెళ్లాడు. తరవాతి ప్రొఫెసర్ సాల్టర్, పదవిలో ఉండగానే పార్లమెంటు సభ్యుడు. 1920లో ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ కలిపి పీపీఈ అని డిగ్రీ పెట్టారు. పాలించబోయేవాళ్లకు పాలించి వచ్చినవాళ్లు పాఠం చెప్పడం. ఇది శాస్త్రమా, కులవృత్తా?

మావయ్య: కులవృత్తి అంటే అంత చులకనా? వంట చేసినవాడే కదా వంట నేర్పాలి. విల్సన్ ఆ డిగ్రీయే, హీత్ ఆ డిగ్రీయే, కామెరన్, సునక్...

మేనకోడలు: లిజ్ ట్రస్. ఆవిడ్ని మరిచారు. ఏడు వారాల ప్రధాని.

మావయ్య: ...ఆవిడా ఆ డిగ్రీయే. డిగ్రీ చేసిన తప్పు కాదులే అది.

మేనకోడలు: మంచి ప్రధానులైతే డిగ్రీ గొప్పదనమా, చెడ్డ ప్రధానులైతే డిగ్రీ తప్పు కాదా? సరే, మీ దగ్గరికే వస్తాను. మీ గైడులో సమాఖ్య అధ్యాయంలో మొదటి బిట్ ఏమిటి?

మావయ్య: భారత్‌ను అర్ధ సమాఖ్య అన్నది ఎవరు. కె.సి. వేర్.

మేనకోడలు: ఆ వేర్ ఎవరు? 1944 నుంచి 1957 దాకా అదే గ్లాడ్‌స్టన్ ప్రొఫెసర్. ఏం చేసి తేల్చాడు? రాజ్యాంగం పాఠం చదివాడు, అమెరికా రాజ్యాంగం పక్కన పెట్టి చూశాడు, మార్కులు వేశాడు. కేంద్రం, రాష్ట్రాలు నిజంగా ఎలా మసలుకుంటాయో ఆయన లెక్కలో లేదు. మన పిల్లలు ఇప్పటికీ ఆ మార్కుల మెమోనే బట్టీ పడుతున్నారు.

మావయ్య: తొందరపడకు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గవర్నర్ దింపేశాడు. ఆ గవర్నర్‌ను పంపింది ఎవరు? కేంద్రం. ఆ వీలు ఎక్కడుంది? రాజ్యాంగంలో. సమాఖ్యలో ఇలాంటివి ఉండకూడదనే కదా వేర్ అన్నది! కూర్చున్నచోటు నుంచి కదలకుండా, పాఠం చదివి, ముప్పై ఏళ్ల ముందే చెప్పాడు. మీ సర్వే చెప్పగలదా?

మేనకోడలు: బాగుంది. కానీ నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. అది వేర్ పుస్తకంలో ఎక్కడుంది? రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. ఎమ్మెల్యేలు చెక్కుచెదరలేదు, జనం రోడ్ల మీదికి వచ్చారు, దేశంలోని ప్రతిపక్షాలన్నీ వచ్చి పక్కన నిలబడ్డాయి. పాఠం చదివేవాడికి దింపడం కనిపిస్తుంది, ఎక్కడం కనిపించదు. ఇంకొకాయన సంగతి చెప్తాను, ఐవర్ జెన్నింగ్స్. లండన్ స్కూల్లో చెప్పాడు, 1936లో 'కేబినెట్ గవర్నమెంట్' రాశాడు, బ్రిటిష్ పద్ధతిలో ఆయనకు మించిన పండితుడు లేడు. 1952 మార్చిలో మద్రాసు యూనివర్సిటీకి వచ్చి మన రాజ్యాంగం మీద ఉపన్యాసాలిచ్చాడు. అల్లాది కృష్ణస్వామి అయ్యర్ షష్టిపూర్తి నిధి పేరిట.

మావయ్య: అల్లాది వారు నెల్లూరు జిల్లా పూదూరులో పుట్టారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీ సభ్యులు.

మేనకోడలు: ఆ సభ్యుడి పేరిట పెట్టిన ఉపన్యాసాల్లోనే, ఆ కమిటీ రాసిన రాజ్యాంగానికి తప్పులు పట్టాడు. మరీ పొడుగు, మరీ బిగుతు, అన్నీ రాసేశారు అని. అంతకుముందు ఆయన సలహాతోనే సిలోన్‌కు రాజ్యాంగం తయారైంది. పొట్టిగా, బ్రిటిష్ మర్యాదలను నమ్ముకుని. అది 1972లో రద్దయింది. ఆయన పెదవి విరిచిన మన పొడుగు రాజ్యాంగం ఇంకా నడుస్తోంది. తెలివైనవాడు కాడని కాదు మావయ్యా. తన తీర్పును పరీక్ష పెట్టుకునే అలవాటు ఆయనకూ లేదు, ఆయన చుట్టూ ఉన్నవాళ్లకూ లేదు.

మావయ్య: సిలోన్ రాజ్యాంగాన్ని తీసేసింది అక్కడి నాయకులు. జెన్నింగ్స్ చేసిందేముంది?

మేనకోడలు: నాయకులు ఏం చేస్తారో ముందే అనుకోలేకపోతే ఈ శాస్త్రం ఎందుకు?

మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నారని కాదు, పావు ఎక్కడ కదపాలో చూసుకుంటున్నారు.

మావయ్య: అయితే మీ లెక్కల శాస్త్రం ఏం సాధించిందో చెప్పు. కేంబ్రిడ్జిలో పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్ పదవికి అమెరికా వాళ్లు డబ్బిచ్చారు కదా. రాక్‌ఫెల్లర్ సొమ్ము. వచ్చింది ఎవరు? 1928లో ఎర్నెస్ట్ బార్కర్, ప్లేటో, అరిస్టాటిల్ మనిషి. తరవాత బ్రోగన్, చరిత్రకారుడు. 1978లో క్వెంటిన్ స్కిన్నర్, భావాల చరిత్ర. అమెరికా డబ్బు తీసుకుని అమెరికా సైన్స్‌ను గుమ్మం బయటే నిలబెట్టారు. నాకు ముచ్చటేసేది అదే. 1950లో దేశంలోని అధ్యాపకులంతా సంఘం పెట్టుకున్నప్పుడు కూడా 'సైన్స్' అని పెట్టుకోలేదు, పొలిటికల్ స్టడీస్ అసోసియేషన్ అన్నారు. తమ హద్దు తమకు తెలుసు.

మేనకోడలు: హద్దు అంటారా, బద్ధకం అంటారా? అదే ఏడాది ఇంకోచోట ఏం జరుగుతోందో చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ బట్లర్ అని పాతికేళ్ల కుర్రాడు. 1945 ఎన్నికల మీద నఫీల్డ్ కాలేజీ వేసిన పుస్తకానికి గణాంకాల అనుబంధం రాశాడు. 1950 ఎన్నికల ముందు 'ది ఎకనామిస్ట్'లో పేరు లేకుండా ఒక వ్యాసం రాశాడు. ఓట్లు సీట్లుగా ఎలా మారతాయన్నది విషయం. చర్చిల్ చదివి, ఈ రాసినవాడెవడో పిలవండి అన్నాడు. కుర్రాడు చార్ట్‌వెల్ ఇంటికి వెళ్లి చర్చిల్‌కు లెక్క చెప్పాడు.

మావయ్య: ఏం లెక్క?

మేనకోడలు: కాగితం ఇవ్వండి. రెండు పార్టీలు. ఒకదానికి నూటికి 52 ఓట్లు, రెండోదానికి 48. సీట్లు కూడా 52, 48 వస్తాయా? రావు. రెండింటినీ ఘనం చేయండి. 52 ఘనం 1,40,608. 48 ఘనం 1,10,592. ఈ నిష్పత్తిలో సీట్లు పడతాయి. అంటే నూటికి 56, 44. ఆరు వందల సీట్ల సభైతే 336, 264. నాలుగు శాతం ఓట్ల తేడాకు 72 సీట్ల తేడా. పార్లమెంటు మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా చర్చిల్‌కు ఇది ఎవరూ చెప్పలేదు.

మావయ్య: 1951లో ఏమైంది మరి? లేబర్‌కు 48.8 శాతం. కన్సర్వేటివ్‌లకు, మిత్రులతో కలిపి, 48. సీట్లేమో లేబర్‌కు 295, వాళ్లకు 321. ఓట్లు ఎక్కువ వచ్చినవాడు ఇంటికి పోయాడు. ఘనం చేసినా వర్గం చేసినా ఇది వస్తుందా?

(కాగితం మీద మావయ్య కూడా లెక్క వేయబోయారు. అంకెలు నోటికి రావడం చూసి అమ్మాయి కొంచెం తగ్గింది.)

మేనకోడలు: రాదు. లేబర్ ఓట్లు బొగ్గుగనుల సీట్లలో గుట్టలుగా పడ్డాయి. అవసరమైనదానికంటే ఎక్కువ మెజారిటీలు, అక్కడ వృథా. ఆ సంగతి రాసింది కూడా ఈ లెక్కల మనుషులే. 1982లో జాన్ కర్టిస్, మైకేల్ స్టీడ్ అసలా ఘన సూత్రమే ఇక పనిచేయడం లేదని చూపించారు. మావయ్యా, తేడా ఇదే. లాస్కీ తప్పని ఓక్‌షాట్ నిరూపించలేదు, ఇష్టం లేదన్నాడంతే. బట్లర్ చెప్పిన సూత్రం ఇక పనిచేయదని కర్టిస్ నిరూపించాడు. బట్లర్‌కు అవమానమూ కాలేదు.

మావయ్య: ఊఁ.

మేనకోడలు: అక్కడితో ఆగలేదు. 1964లో కోల్చెస్టర్ పక్కన వివెన్‌హో పార్కులో ఎసెక్స్ యూనివర్సిటీ పెట్టారు. జీన్ బ్లాండెల్ అని ఫ్రెంచి ఆయన ప్రభుత్వ శాఖ కట్టాడు. 1967లో సర్వేల డేటా దాచే భాండాగారం. మరుసటి ఏడాది నుంచి ఎండాకాలం లెక్కల బడి. ఇప్పుడు నేను అందులోనే హోంవర్కు చేస్తున్నాను. 1970లో ఐరోపా దేశాల శాఖలన్నీ కలిపి ఒక కన్సార్టియం, మొదటి డైరెక్టరూ బ్లాండెలే. అటు గ్లాస్గోలో స్ట్రాత్‌క్లైడ్‌లో రిచర్డ్ రోజ్. పాత ఊళ్లలో కుదరనిది కొత్త ఊళ్లలో కుదిరింది. ఆ బట్లరే ప్రణయ్ రాయ్, అశోక్ లాహిరీలతో కలిసి 1984లో మన ఎన్నికల గణాంకాల పుస్తకం వేశాడు. ఎన్నికల రాత్రి మన టీవీలో స్వింగ్, స్వింగ్ అని వింటామే, అది ఆయన వేసిన బాటే.

మావయ్య: బ్రిటన్ ఓటరు తన వర్గాన్ని బట్టి, తండ్రి పార్టీని బట్టి ఓటేస్తాడని 1969లో బట్లర్, స్టోక్స్ లావుపాటి పుస్తకం వేశారు. సిరా ఆరకముందే 1974లో లిబరళ్లకు 19 శాతం, స్కాట్లండులో జాతీయవాదులు. ఎటుపోయింది మీ వర్గం?

మేనకోడలు: వర్గం పట్టు సడలుతోందని చెప్పింది ఎవరు? ఎసెక్స్‌లో సార్ల్విక్, ఐవర్ క్రూ. బట్లర్, స్టోక్స్ మొదలుపెట్టిన సర్వేనే కొనసాగించి.

మావయ్య: నువ్వే గెలిచావనుకుంటున్నావు కదూ? 2016 బ్రెగ్జిట్ రెఫరెండం ముందు ఆ పొలిటికల్ స్టడీస్ అసోసియేషనే నిపుణులను అడిగితే అత్యధికులు యూరప్‌లోనే ఉంటామన్నారు. దేశం బయటికి వచ్చేసింది. 2017లో మాథ్యూ గుడ్‌విన్ అని ఒక ప్రొఫెసర్, లేబర్‌కు 38 శాతం దాటితే నా పుస్తకం నేనే తింటానన్నాడు. 40 వచ్చింది. టీవీలో కూర్చుని కాగితం నమిలాడు! లాస్కీ ఎన్ని మాటలు పడ్డాడో గానీ కాగితాలు తినలేదు.

మేనకోడలు: 2015 మే 7 రాత్రి పది గంటలకు ఎగ్జిట్ పోల్ వచ్చింది. కర్టిస్ బృందం వేసింది. కన్సర్వేటివ్‌లకు 316 అన్నారు. ప్రచారం పొడుగునా పోల్స్ అన్నీ నువ్వా నేనా అన్నట్టున్నాయి కాబట్టి ఎవరూ నమ్మలేదు. లిబరల్ డెమొక్రాట్ల ఆష్‌డౌన్, ఇదే నిజమైతే నా టోపీ తింటానన్నాడు. తెల్లారేసరికి 330. దిక్కు కరెక్టు, ఇంకొంచెం ఎక్కువే వచ్చింది. లెక్క వేసినవాడు కాదు, లెక్కను వెక్కిరించినవాడు ఇరుక్కున్నాడు. ఇక గుడ్‌విన్ సంగతంటారా, తప్పయితే తప్పని అందరి ముందూ తేలేలా చెప్పాడు. మీ పండితుల్లో ఎవరు అలా చెప్పారు?

ఇక్కడ మావయ్య తన అసలు అస్త్రం తీశారు. ఆయన వైపు నుంచి ఇంతకంటే బలమైన మాట లేదని నేనూ అనుకుంటాను.

మావయ్య: బెర్నార్డ్ క్రిక్. 1959లో అమెరికన్ పొలిటికల్ సైన్స్‌ను ఉతికి ఆరేశాడు. 1962లో 'ఇన్ డిఫెన్స్ ఆఫ్ పాలిటిక్స్'. రకరకాల మనుషులు కొట్టుకోకుండా బేరమాడుకునే పనే రాజకీయం, దాన్ని కాపాడటమే మా పని అన్నాడు. షెఫీల్డ్‌లో శాఖ కట్టాడు. అక్కడ ఆయన దగ్గర చదివిన కుర్రాడు డేవిడ్ బ్లంకెట్. పుట్టుగుడ్డి, పేదింటివాడు. ఆ కుర్రాడు విద్యామంత్రి అయ్యాక పాత మాస్టారిని పిలిచి, బడిపిల్లలకు పౌరవిద్య ఎలా చెప్పాలో కమిటీ వేసి చెప్పమన్నాడు. 1998లో నివేదిక. 2002 నుంచి ఇంగ్లండు హైస్కూళ్లలో తప్పనిసరి సబ్జెక్టు. ఇది ఏ రిగ్రెషన్‌లో వచ్చింది? ఒక మాస్టారు, ఒక శిష్యుడు. సర్కారు కూడా మీ శాస్త్రాన్ని ఎంత నమ్మిందో చూశాం. 1982లో కీత్ జోసెఫ్ సోషల్ సైన్స్ రిసెర్చ్ కౌన్సిల్‌ను ఎత్తేద్దామని చూశాడు. దర్యాప్తుకు వేసిన రోత్‌షీల్డే వద్దంటే ఆగాడు. ఆగి కూడా, మరుసటేడు బోర్డు మీద సైన్స్ అన్న మాట చెరిపించాడు.

మేనకోడలు: బ్లంకెట్ కథ నాకూ ఇష్టమే. కానీ 2001లో ఓటేసినవాళ్లు 59.4 శాతం. పౌరవిద్య చదువుకున్న పిల్లలు పెద్దవాళ్లయ్యాక 2024లో చూస్తే మళ్లీ 60 దగ్గరే. పాఠం పనిచేసిందా?

మావయ్య: ఓటేసినవాళ్ల శాతమే పాఠానికి కొలతా? ఆ పిల్ల పక్కింటివాడి మాట వినడం నేర్చుకుందా? కౌన్సిల్ ఆఫీసులో గుమస్తాను నిలదీయగలిగిందా? అది కొలువు ముందు.

మేనకోడలు: కొలవచ్చు మావయ్యా. ఒకే పిల్లలను ఏళ్ల తరబడి అడుగుతూ పోతే తెలుస్తుంది, ఇంగ్లండులో అలాంటి అధ్యయనం చేశారు కూడా. మీరు చెప్పింది కొలవదగ్గదనే నేనంటున్నాను, విలువలేనిదని కాదు. కొలవకుండా వదిలేస్తే రేపు ఇంకో మంత్రి వచ్చి, దీనివల్ల లాభమేముంది, తీసేయండి అంటాడు. అప్పుడు క్రిక్ మాస్టారి ఉపన్యాసం చూపిస్తారా?

మావయ్య: చూపిస్తాను. చాలకపోతే నీ అంకెలు కూడా చూపిస్తాను. ముందు ఉపన్యాసమే.

మేనకోడలు: అయితే ఒక పని చేసిపెట్టండి. గైడు మళ్లీ అచ్చుకు వెళ్తోందిగా. వేర్ బిట్ తీసేయమనను. దాని పక్కన ఒక్క పేజీ ఇవ్వండి. మన రాష్ట్రంలో ఏదైనా ఒక ఎన్నిక తీసుకుని, ఏ పార్టీకి ఎంత శాతం ఓట్లొచ్చాయి, ఎన్ని సీట్లొచ్చాయి, ఆ తేడా ఎందుకొచ్చింది, పిల్లలతోనే లెక్క వేయించండి.

మావయ్య: పరీక్షలో అడగరమ్మా. అడగనిది గైడులో పెడితే కొనరు.

మేనకోడలు: ప్రశ్నపత్రం సెట్ చేసేవాళ్లలో సగం మంది మీ శిష్యులేనని మీరే చెప్తారుగా. అడగమనండి.